ఒళ్లో బిడ్డకు సీటు అక్కర్లేదు

నేను ఒక ప్లాస్టిక్ ముక్కను. చింతాకంత బరువు, నీలం రంగు, నెత్తిన ఒక తెల్ల విమానం బొమ్మ. క్రెడిట్ కార్డు అంటారు నన్ను. ఇప్పుడు గడువు తీరిపోయి అల్మరాలో పాత చీరల కింద పడున్నాను గానీ, ఒకప్పుడు ఒక వీధి వీధంతా నా మీద బతికింది.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద అట్టల మీద మమ్మల్ని అచ్చువేసి, బిస్కెట్లు కోసినట్టు కోశారు. ఒక మూల బంగారు రంగు చిప్పు అతికించారు. ఒంటి మీద సింహాచలం అని పేరు పొడిచారు. పచ్చబొట్టు పొడిస్తే మనుషులకు నొప్పి పుడుతుందట. నాకేమీ అనిపించలేదు. నొప్పి అంటే ఏమిటో ఆ సింహాచలం భార్య పావని చేతిలో పడ్డాకే తెలిసింది. మా మీద పేర్లు మగవాళ్లవే ఉంటాయి. మోసేది మాత్రం ఆడవాళ్ల పర్సులు.

గాజువాకలో రెండు గదుల వాటా వాళ్లది. సింహాచలం మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. బ్యాంకువాళ్లు కంపెనీ గేటు దగ్గర గొడుగు వేసుకుని కూర్చుని, రెండు కార్డులు పంపిస్తాం, నచ్చింది ఉంచుకుని రెండోది మూసేయండి అన్నారట. అలా నాతోపాటు ఒక పచ్చ కార్డు కూడా ఆ ఇంటి గుమ్మం తొక్కింది.

పచ్చదానికి ఫీజు లేదు. మొదటిసారి వాడగానే ఒక విమానం టిక్కెట్టు సగానికే వచ్చే కూపన్ ఇస్తుంది. ఆ తర్వాత దాని పాయింట్లు చీమ తలకాయంత. నాకేమో ఏటా ఫీజు కట్టాలి. కానీ ఏడాదంతా నాతోనే కొంటూ పోతే పాయింట్లు పోగుపడి, చివరికి రెండు టిక్కెట్లు పూర్తిగా ఊరికే వస్తాయి.

పావనికి విమానం దేనికంటే, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న అన్న లోకనాథం కోసం. అమ్మా నాన్నా పోయిన పిల్లను ఎత్తుకుని పెంచినవాడు అతనే. సోంపేట వైపు నుంచి అండమాను వెళ్లి టిఫిను బండి పెట్టుకున్నాడు. కిడ్నీలు పాడై, వారంలో మూడుసార్లు డయాలసిస్ మంచం ఎక్కందే బతకలేని స్థితికి వచ్చాడు. ఆ మంచం వదిలి రోజుల తరబడి ఓడలో ఇటు రాలేడు. పావని కూతురు, ఆర్నెల్ల జాహ్నవికేమో చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలని వాళ్ల ఆనవాయితీ. ఆయన రాలేడు గనక పిల్లే ఆ ఒళ్లోకి వెళ్లాలి.

"పచ్చదే ఉంచుదాం," అన్నాడు సింహాచలం. "రెండేల్లు నిండని పిల్లకి సీటక్కర్లేదంట. ఒల్లో కూకోబెట్టుకుంటే సాలు. మిగతా సగం డబ్బులు నాను సూస్తాను. ఈ నెల్లోనే ఎల్లొచ్చీ."

"ఒక్కద్దాన్నా?"

"నాకు సెలవెవడిస్తాడే?"

"సెన్నైలో ఇమానం మారాలంట బావా. తొమ్మిదిలో బడి మానీసినదాన్ని, ఆ బోర్డులు నాను సదవగల్నా? ఆల్లు ఇంగ్లీషులో ఏటో అడిగితే ఏటి సెప్తాను? పిల్లనెత్తుకుని ఎటో ఎల్లిపోతేనో?"

"ఏటీ అవదే. బస్సు మారినట్టే."

"బస్సయితే మద్దిలో దిగిపోవచ్చు."

సింహాచలం రెండు కార్డులూ ఆమె చేతిలో పెట్టేశాడు. పావని మా ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఏడాది ఓపిక పడితే రెండు సీట్లు. ఈలోగా సెలవు సంపాదించుకుని పక్కన బావ ఉంటాడు. బోర్డులు అతనే చదువుతాడు. పచ్చదాన్ని పక్కన పెట్టేసి, నన్ను పర్సులో దోపుకుంది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. మనుషులు తమ భయానికి కూడా ఫీజు కడతారని అప్పటికి నాకు తెలియదు.

ఇక మొదలైంది నా తిరుగుడు. ఆ వీధిలో ఎవరు ఏది కొన్నా పావని ముందుండేది. "నా కార్డు గీకుతాను, డబ్బులు నా సేతికిచ్చీండి" అనేది. ఒకరి మిక్సీ, ఒకరి పిల్లాడి బడి ఫీజు, ఇంకొకరి పెళ్లిచీరలు. నేను చూడని కొట్టు లేదు. పక్క వాటా వరహాలమ్మ వాషింగ్ మిషన్ కొన్నరోజు జాహ్నవి బుగ్గ గిల్లి అంది:

"ఇంకా బోసి సెవులేనేటే? సూసినోల్లు మగపిల్లడనుకుంతన్నారు."

"మా అన్నియ్య ఒల్లోనే అత్తా."

"అయితే ఆడైనా ఇటు రావాల, నువ్వైనా అటు ఎల్లాల. మద్దిన నా వాషింగ్ మిషనేటి సేస్తాదే!"

అందరూ నవ్వారు. పావని కూడా నవ్వింది గానీ, పర్సు మీద చెయ్యి తీయలేదు.

సాయంత్రాలు అన్న ఫోను చేసేవాడు. వీడియోలో పిల్లను చూసి, "ఏటే, మీ ఇమానం ఎందాకొచ్చింది?" అనేవాడు.

"ఇంకా టైర్లే వచ్చేయి అన్నియ్యా."

మరికొన్నాళ్లకు, "రెక్కలొచ్చేయి."

"ఒక రెక్కా, రెండా? ఒకటైతే ఎక్కీకే."

ఆ నవ్వు మునుపటిలాగే ఉండేది. మొహమే రోజురోజుకీ నల్లబడి ఉబ్బుతుండేది. ఒకసారి ఉండబట్టలేక, "టిక్కెట్టు నాను తీస్తానే, వచ్చీ" అన్నాడు. "నీ మందుల డబ్బుల్తోనా? ఒద్దు" అంది పావని. ఒక్కదాన్నే రావడానికి భయమని మాత్రం చెప్పలేదు. చిన్నప్పుడు చీకట్లో దొడ్లోకి వెళ్లాలన్నా తోడొచ్చినవాడతను. చెబితే, ఆ ఒంటితోనే బయల్దేరి వచ్చేస్తాడని ఆమె బెంగ.

చివరికి పాయింట్లు నిండాయి. ఊరికే వచ్చే సీట్లు అన్ని విమానాల్లో ఉండవట, తర్వాతి నెలకు దొరికాయి. పావని కేకేసినట్టు చెప్పింది ఫోన్లో: "తోక కూడా వచ్చీసింది అన్నియ్యా!" అవతల లోకనాథం నవ్వీ నవ్వీ దగ్గాడు. "అయితే నాను కొత్త పంచి కొనుక్కుంతాను. నా కోడల్ని కూకోబెట్టుకోవాల గదా" అన్నాడు.

ఆ నెల ఇంకా రాకముందే, ఒక పొద్దున వదిన కళావతి ఫోను చేసింది. నిద్రలోనే పోయాడట.

ఊరికే వచ్చిన టిక్కెట్లను రేపటికి మార్చడం కుదరదన్నారు. సింహాచలం నన్ను తీసి, మర్నాటి విమానానికి అసలు ధర పెట్టి కొనబోయాడు. ఒక్క సీటే మిగిలింది. అతను భార్య మొహం చూడలేక నేల చూశాడు. పావని మాత్రం పిల్లను చంకనేసుకుని, "కొనీ బావా, నాను ఎల్తాను" అంది. అంతే.

ఆమె పర్సులో నేనూ వెళ్లాను. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర పోలీసు ఫోన్లో టిక్కెట్టూ ఆధారూ చూసి లోపలికి పొమ్మన్నాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి తెలుగులోనే, "పాపకి తాగడానికేమైనా పట్టుకున్నారా అమ్మా?" అంది. చెన్నైలో ఒక ముసలామె, "పోర్ట్ బ్లెయిరా? నాదీ అక్కడే, రా" అంటూ ముందు నడిచింది. విమానం మారడమంటే ఒక గుమ్మం దిగి, కొంచెం నడిచి, ఇంకో గుమ్మం ఎక్కడం. జాహ్నవి ఒళ్లో పడి నిద్రపోయింది. ఎవరూ ఇంగ్లీషులో ఏమీ అడగలేదు. దారి ఎంత తేలికవుతుంటే, నా పక్కనున్న ఆ గుండె అంత బరువెక్కడం విన్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో చెల్లెలి కోసమని శవాన్ని ఉంచారు. కళావతి లేచి ఎదురొచ్చింది. పావని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని ఆవిడ తొంగి చూసింది.

"ఒక్కద్దానివే వచ్చీసేవేటమ్మా?"

పావని అప్పటిదాకా కన్నీటిబొట్టు రాల్చలేదు. ఆ మాటకు పిల్లతో సహా నేల మీద కూలబడింది.

"రావొచ్చొదినా," అంది. "ఒక్కద్దాన్నే రావొచ్చు. పోయినేడే రావొచ్చొదినా."