మెట్ల పక్క మట్టి

అందరి గోడలకీ వంకలు పెట్టే ఇంజనీరు తమ్ముణ్ణి పెట్టుకుని పైవాళ్లని పిలవడమెందుకని, అక్క పెరట్లో గోడ కట్టే పని అతనికే అప్పజెప్పింది. వాళ్ల పెరడు వెనక్కి వాలుగా ఉంటుంది. వానొస్తే చాలు, మట్టి కిందికి జారుతుంది. పడకగది గోడ అప్పుడే బీటలిచ్చింది. ఆ మట్టిని ఆపేలా కింద ఓ గట్టి గోడ కడితే గానీ అక్కాబావలకి కంటిమీద కునుకు పట్టేలా లేదు. “దానిదేముంది, చిటికెలో పని!” అన్నాడు మహానుభావుడు.

అన్నవాడు ఇప్పుడు పునాది గోతిలో మోకాళ్ల దాకా దిగబడి ఉన్నాడు.

మట్టి ఎలాంటిదో చూడకుండా మొదలుపెట్టాడా అంటే, అదీ కాదు. ముందే ఓ గొయ్యి తీయించాడు. ఒకే ఒక్కటి, వంటింటి మెట్ల పక్కన. అక్కడే ఎందుకయ్యా అంటే, అక్క కిటికీలోంచి టీ అందించడానికి వీలు. ఆహా, ఏం శాస్త్రం! నలుగురూ తొక్కితొక్కి అక్కడ నేల రాయిలా ఉంది. గునపం ఖంగుమంది. అది విని మురిసిపోయి, టీ తాగేసి, చేతులు దులుపుకున్నాడు. ఇదే పని ఇంకెవరైనా చేసుంటే నిలబెట్టి నానా చీవాట్లూ పెట్టేవాడు.

ఇప్పుడతను దిగబడ్డ ఈ అవతలి మూల, బట్టలుతికిన నీళ్లన్నీ ఇంకే చోటు. అంతా మెత్తటి బంకమట్టి. బొటనవేలితో నొక్కితే వేలు దిగింది, కాలు పెడితే కాలే దిగింది. లాక్కుంటే కాలైతే వచ్చింది గానీ బూటు మట్టికే దక్కింది.

“సార్, కాంక్రీటు బండి రమ్మనమంటారా?” గట్టుమీంచి మేస్త్రీ అడిగాడు.

నాలుగు బుట్టల కంకర చల్లేసి పైన పోసేస్తే? ఎవడు చూడొచ్చాడు? కానీ ఆ మూల కుంగుతుంది, గోడ ముందుకి ఒరుగుతుంది, వెనకాల మట్టీ, ఆపైన పడకగదీ వరసగా దిగొస్తాయి. ఆమధ్య కుర్ర ఇంజనీర్లని కూర్చోబెట్టి సరిగ్గా దీనిమీదే ఉపన్యాసం దంచాడు కూడా. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“వద్దు, ఆపండి,” అన్నాడు. మేస్త్రీకి వినపడలేదు. మళ్లీ అరవాల్సొచ్చింది.

ఆ కేకకి అక్కా బావా పెరట్లోకి వచ్చారు. అతను ఒంటి బూటుతో పైకెక్కాడు.

“మెత్తమట్టంతా తీసేసి, గట్టినేల తగిలేదాకా తవ్వాలి. రాయీ కంకరా పొరలుపొరలుగా దిమ్మిసతో దట్టించి నింపాలి. వానల్లోపు అవ్వదు. అందాకా మీరా గదిలో పడుకోకండి.”

“నేల గట్టిదన్నావుగా బావమరిదీ?”

“మెట్ల దగ్గర గట్టిదే బావా.”

బావ పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు.

“ఒరేయ్, నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?”

“తెలిసేది కాదు.”

“గోడ పడిపోతే ఏం చెప్పేవాడివి?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాడు, ఒంటి బూటు వంక చూసుకుని మానేశాడు. “వాన ఎక్కువైందని చెప్పేవాణ్ణి. ఇంజనీర్లమంతా అదే చెబుతాం అక్కా.”

బావ నవ్వు ఆగిపోయింది. అక్క పడకగదిలోకెళ్లి పరుపు చుట్టడం మొదలుపెట్టింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని అతను వెనకే గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

“చూస్తావేం, ఆ కొస పట్టుకో,” అంది.