నూనె గుడ్డలు

పొద్దున నూనె పట్టించిన చెక్క పెట్టె ఎంతవరకు ఆరిందో చూద్దామని మధ్యాహ్నం కోడలు బాల్కనీలోకి వచ్చింది. పెట్టె ఉంది. కటకటాల మీద ఆరేసిన నూనె గుడ్డలు లేవు.

ఆ పెట్టె తను సొంతంగా కూర్చుకుంటున్న కీబోర్డుకి. పొద్దస్తమానం ఇంట్లోనే కూర్చుని ఆసుపత్రి రిపోర్టులు టైపు చేసే మనిషి. కొన్న కీబోర్డులన్నీ మణికట్టు నొప్పినే మిగిల్చాయి. అందుకే స్విచ్చులు ఒక్కొక్కటే అతికి, టేకు చెక్కను తన చేతుల వాలుకు మలిచి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, అవిసె నూనె పట్టించింది. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి మంటలు అంటుకుంటాయని డబ్బా మీదే రాసి ఉంది.

ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు. ఇద్దరికీ మాటల్లేవు. "పెట్టెలు చేసే తీరికుంది గానీ, నా దగ్గర కాసేపు కూర్చునే తీరిక లేదు" అని ఆవిడ అంది. "కూర్చుంటే మాత్రం, నేను వినడమే గానీ మాట్లాడనిస్తారా?" అని ఈవిడ అనేసింది. అంతే, ఇల్లు మూగనోము పట్టింది.

ఆవిడ పాతగుడ్డల మూట కట్టి పెట్టేది తన మంచం కిందే.

కోడలికి గుడ్డలు ఎక్కడున్నాయో అర్థమైంది. పరుగున వెళ్లి ఆవిడ గది తలుపు తోసింది. లోపల గడియ. సందులోంచి మాడు వాసన.

"అత్తయ్యా! తలుపు తీయండి!"

కునుకు తీసేముందు ఆవిడ చెవి మిషన్ తీసి పక్కన పెట్టేస్తుంది. అరచేతులు మండేలా బాదినా ఉలుకూ పలుకూ లేదు. కోడలు మళ్లీ బాల్కనీలోకి పరుగెత్తి అటువైపున్న ఆ గది కిటికీలోంచి చూసింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింది నుంచి సన్నగా పొగ.

మూలనున్న బూజుకర్రను ఊచల్లోంచి దూర్చింది. అందలేదు. భుజం ఊచలకు అదిమి, కర్ర చివర మునివేళ్లతో పట్టుకుని పొడిచింది. కదల్లేదు. ఈసారి వీపులో గట్టిగా పొడిచింది.

"అమ్మో! నన్ను కర్రతో పొడుస్తావా? ఎంత కోపముంటే మాత్రం..."

కోడలు కర్రను మంచం కిందికి చూపించింది. ఆవిడ వంగి చూసి, కంగారులో మూటకేసి చెయ్యి చాచింది.

"ముట్టుకోకండి! తలుపు, తలుపు!" కర్రతో తలుపు చూపిస్తూ అరిచింది కోడలు.

కోడలు గది ముందుకు పరుగెత్తింది. లోపల గడియ ఒక పట్టాన ఊడిరాలేదు. తలుపు తెరుచుకోగానే కోడలు దూసుకొచ్చి మూటను కాలితో బయటికి ఈడ్చింది. గాలి తగిలి భగ్గుమంది. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే అత్తగారు స్నానాల గదిలోంచి నిండు బకెట్ మోసుకొచ్చి కుమ్మరించింది. ఇంకో బకెట్. బుస్సుమని ఆరింది.

మంచం పలకలు నల్లబడ్డాయి. తడి నేల మీదే ఇద్దరూ చతికిలబడ్డారు. అత్తగారు తడుముకుని చెవి మిషన్ పెట్టుకుంది.

"చెప్పాల్సింది అత్తయ్యా. పంతానికి పోయాను."

"నా పంతం మాత్రం తక్కువా?" ఆవిడ దగ్గుతూ అంది. "నీ గుడ్డలని తెలిసే దాచాను. వెతుక్కుంటూ వచ్చి అడుగుతావని. అప్పుడైనా నోరు విప్పుతావని."

కోడలు దగ్గరికి జరిగింది. ఆవిడ వీపు నిమిరింది. కర్ర తగిలిన చోట ఆవిడ "అబ్బా" అంది.

గది కడుగుతూ సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు, ఒకరి మాటకొకరు అడ్డం పడుతూ. రోజూ మాటల్లో పడి, పెట్టె పూర్తవడానికి ఇంకో వారం పట్టింది.