సింహాద్రి పేరుతో ఎల్లాజీ నెత్తురు

సింహాద్రి పొట్ట సంగతి ముందు చెప్పుకోవాలి. స్టీల్ ప్లాంటులో అతను క్రేన్ ఎక్కితే, ఇనుము బరువెంతో అతని బరువెంతో తేల్చలేక ఇద్దరు ఇంజనీర్లు మూడు రోజులు మాటలు మానేశారని ఆటోనగర్‌లో ఇప్పటికీ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ క్రేన్ సీటు అతనిదే. ఈ ఏడు ప్లాంటు డాక్టరమ్మ నీలిమ అతని నెత్తురు పరీక్ష చూసి అడ్డం పడింది.

"నెలలో నెత్తుట్లో కొవ్వు తగ్గినట్టు బయట ల్యాబ్ నుంచి రిపోర్టు తెండి. లేకపోతే సీటు దిగి స్టోర్స్‌లో కూర్చోవాలి."

ఆ నెలంతా సింహాద్రి తగ్గించింది ఒక్క నిద్రే. మెలకువగా ఉన్నాడు కాబట్టి బజ్జీలు ఇంకో నాలుగు ఎక్కువే తిన్నాడు. గడువు దగ్గరపడ్డాక ఫిషింగ్ హార్బర్‌కి పోయి స్నేహితుడు ఎల్లాజీని పట్టుకున్నాడు. ఎల్లాజీ ఎంత బక్కవాడంటే, వల విసిరితే వల కన్నులోంచి తనే జారి నీళ్లలో పడే రకం. రోజూ చేపలే తింటాడు. వాడి నెత్తురు కొబ్బరినీళ్లలా ఉంటుందని సింహాద్రి నమ్మకం.

"బావా, రేపొద్దున్న ఏటీ తినకుండా ల్యాబ్‌కెల్లి, నా పేరు సెప్పి నెత్తురిచ్చిరా."

"తినకుండా ఎలాగ బావా?"

"ఒక్క పూటరా బాబూ! నా సీటు కోసం!"

ఎల్లాజీ వెళ్లాడు, ఇచ్చాడు. మర్నాడు రిపోర్టు చూసి నీలిమ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూసింది.

"నూటయాభై లోపు ఉండాల్సిన కొవ్వు తొమ్మిది వందలా? సీసాలో నెత్తురు మీద పాలమీగడలా తేలిందట!"

సింహాద్రికి ఒళ్లు మండిపోయింది. "సేపలు తినేవోడికి కూడా ఇలాగొస్తాదేటమ్మా?"

"చేప మంచిదే. దేంట్లో వేయిస్తున్నారు?"

సింహాద్రికి ఎల్లాజీ బోటు మీది మూకుడు గుర్తొచ్చింది. అందులో నూనె తరిగితే పైన పోస్తారే గాని పారబోయరు. అడుగునున్న నూనె ఎల్లాజీ తాత పోసిందేనంటారు.

"రక్తనాళం లోపల ఉల్లిపొరకన్నా పల్చటి పొర ఉంటుంది," అంది నీలిమ. "నాళం ఎప్పుడు సాగాలో చెప్పేది అదే. తిండిలో కొవ్వు మితిమీరితే, ఖర్చుకాని కొవ్వు నెత్తుట్లో తిరుగుతూ ఆ పొరకి వాపు తెస్తుంది. పొర పని మానేస్తుంది, నాళం బిగుసుకుపోతుంది. పొర సందుల్లోంచి కొవ్వు దూరి గోడలో గూడు కడుతుంది. మనిషి పైకి వెదురుకర్రలా ఉన్నా సరే, ఓ రోజు గుండె ఆగుతుంది." రిపోర్టు మళ్లీ తిరగేసింది. "అయినా పోయినసారికీ దీనికీ ఇంత తేడానా? ల్యాబ్ తప్పేమో. ఇది చింపేసి, రేపు నా ముందే మళ్లీ ఇవ్వండి."

సింహాద్రి గుమ్మం దాకా వెళ్లాడు. తన నెత్తురు ఎంత చెడ్డా తొమ్మిది వందలుండదు. సీటు నిలబడొచ్చు. కానీ ఎల్లాజీ సాయంత్రం వేటకి పోతున్నాడు, పది రోజుల దాకా ఒడ్డు చూడడు. ఆ నెత్తురెవరిదో డాక్టరమ్మకి చెప్పకపోతే వాడికి మందు దొరకదు. ఛీ, వెధవ బతుకు అనుకుంటూ వెనక్కి తిరిగాడు.

"సింపకండమ్మా. ఆ నెత్తురు నాది కాదు."

నీలిమ పెట్టిన చీవాట్లు రాస్తే కాగితం కాలిపోతుంది. మధ్యాహ్నానికల్లా సీటు పోయింది.

హార్బర్‌లో ఎల్లాజీ బోటులోకి ఐసు డబ్బాలు ఎక్కిస్తున్నాడు. అంతా విని పకపకా నవ్వాడు.

"కాయితం మీద ఎవుడి పేరుంది?"

"నాదే."

"మరింకేటి! రోగం నీదే."

"నెత్తురు నీది బావా!"

"నీకిచ్చీసాను కదా. ఇచ్చీసినాక నీదే."

సింహాద్రి తల పట్టుకున్నాడు. "ఓరి నీ తెలివి తగలెయ్యా! లోపల పొర పాడయిపోతందిరా!"

"నానొక్కణ్ణే వలంతా లాగుతాను. నువ్వు నాలుగు మెట్లెక్కితే రొప్పుతావు. ఎవుడి పొర పాడయింది?"

ఎల్లాజీ పెళ్లాం గంగాలమ్మ చేపలగంప దించింది. "ఈయనతో వాదించి గెలిచినోడు ఈ ఒడ్డున లేడన్నియ్యా. డ్యూటీకెల్లు."

"డ్యూటీ ఎక్కడుందమ్మా? డాక్టరమ్మకి నిజం సెప్పీసాను. సీటు పీకీసారు."

ఎల్లాజీ చేతిలో డబ్బా గాల్లోనే ఆగింది.

"నా కోసం సెప్పీసావా?"

"నీకోసం కాపోతే ఎవుడి కోసంరా, దరిద్రుడా!"

ఎల్లాజీ డబ్బా దించాడు. తర్వాత బోటు మీదున్నవాళ్లకి కేకేశాడు. "ఒరే, ఈపాలి నాను రాను. మీరెల్లిపోండి!"

సింహాద్రి అప్పటికే డాక్టరమ్మ దగ్గరికి ఆటో ఆపి అరుస్తున్నాడు. "సొక్కా తొడుక్కోడానికెంతసేపురా!"