ఒప్పుకున్నవాడు

నిందితుడు నేరం ఒప్పుకుంటే అదే రోజు కేసు ముగించెయ్యాలని పార్లమెంటు సభ్యుడుగారు ఒక బిల్లు రాశారు. సోమవారం సభలో పెట్టాలి. దానికి బలంగా ఉంటుందని, గతంలో తొందరగా నేరం ఒప్పుకున్న ఖైదీల చేత నాలుగు మంచి మాటలు చెప్పించి రాసుకుందామని జైలుకొచ్చారు. మనుషుల చేత మాట చెప్పించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పన్నెండేళ్లు పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి వకీలుగా చేశారు. ఆ తర్వాత పదకొండేళ్లు జడ్జి. ఆ పేరే పెట్టుబడిగా ఎన్నికల్లో గెలిచారు.

మూడో ఖైదీ గొర్రెల కాపరి. గదిలో అడుగు పెడుతూనే అతని మొహం చేటంత అయింది.

"సైకిలు లాయరుగారూ! బాగున్నారా?"

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో! సభ్యుడుగారు మురిసిపోయారు. "నీ కేసు నేను చూశానా?"

"మూడు చూశారండి. గొర్రెలు చేలో పడ్డ కేసులు. మూడుసార్లూ జరిమానాతో బయటపడేశారు."

"మరి ఇక్కడికెలా వచ్చావయ్యా?"

"మీరే పంపారు కదండీ! గడ్డివాము తగలబెట్టానని, అందులో పడుకున్న మనిషి పోయాడని. జడ్జి కుర్చీలో మిమ్మల్ని చూడగానే కొండంత ధైర్యం వచ్చింది. మీరు నేర్పినట్టే చెప్పాను."

"నేనేం నేర్పాను?"

"'జడ్జిగారు తప్పు చేశావా అంటే చేశానని చెప్పు, ఎదురు మాట్లాడకు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు' అనేవారు కదండీ. మీరు అడిగారు, చేశానన్నాను."

నిజమే. వాయిదాలకు తిరిగితే పనులు పాడవుతాయని పల్లెవాళ్లందరికీ కోర్టు మెట్ల మీద ఆయన నూరిపోసిన పాఠం అదే. దాన్నే అప్పజెప్పిన మనిషిని పద్నాలుగేళ్లు లోపలికి తోశారు. తలెత్తి మొహమైనా చూశారా? ఒప్పుకున్నవాడి మొహం ఎవరు చూస్తారు! పదకొండున్నరకల్లా ఆ ఫైలు మూసేసి, తర్వాతి కేసు పిలవమన్నారు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆ మంట నువ్వు పెట్టలేదా?" ఆయన అడిగారు.

"అయ్యో, లేదండీ. ఆ రోజు నేను సంతలో ఉన్నాను. పదిమంది చూశారు."

"తొమ్మిదేళ్లయింది కదయ్యా! మరి పైకోర్టుకు ఎందుకు వెళ్లలేదు?"

కాపరి ఇబ్బందిగా నవ్వాడు. "తోటివాళ్లు వెళ్లమనే అన్నారండి. మీరిచ్చిన తీర్పు తప్పని నేనే వెళ్లి చెబితే మీ పరువేం కావాలి? అందుకే ఊరుకున్నాను."