బొమ్మలు లేని కాయితాలు

నేను ఒక కథల పుస్తకాన్ని. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సులో, శుభలేఖలకూ ఎన్నికల కరపత్రాలకూ నడుమ దొరికిన తీరికలో పుట్టాను. నాలో ఒకటే కథ, సంతకు వెళ్లి గొడుగు కొన్న ఎలుగుబంటిది. చివరి నాలుగు పేజీల నిండా ప్రశ్నలు. ఎలుగుబంటి ఏ వారమున సంతకు వెళ్లెను? గొడుగు వలన ఉపయోగములేవి? కథ రాసినాయన వేరు, ప్రశ్నలు రాసినాయన వేరు. రెండో ఆయనకు ఎలుగుబంటి మీద ఏదో అనుమానం ఉన్నట్టుంది.

నన్ను గుంటూరు దగ్గర ఒక ఊరి బడికి పంపారు. పిల్లలు చింపుతారని హెడ్మాస్టరు వీరరాఘవయ్య గారు మా అందరినీ ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. తొమ్మిదేళ్లలో నా జోలికి వచ్చింది ఒక చిన్న పురుగు. అదీ అట్ట దాటలేదు.

కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. నెలలు గడిచేకొద్దీ పిల్లలు అక్షరాలు మరిచిపోతున్నారని మాస్టారికి బెంగ పట్టుకుంది. బీరువా తెరిచి, మమ్మల్ని సంచిలో వేసుకుని, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి పంచారు. మంచి మనిషే. కాకపోతే ఒక నియమం పెట్టారు. వారం తిరగ్గానే వచ్చి వెనక ఉన్న ప్రశ్నలు అడుగుతారు, జవాబు చెబితేనే ఇంకో పుస్తకం. చింపినవాళ్లకు ఇక లేదు. పిల్లలు తెలివైనవాళ్లు. కథలు వదిలేసి జవాబులు వెతుక్కుని బట్టీ పట్టారు.

నేను నాలుగో తరగతి కెజియా చేతిలో పడ్డాను. వాళ్లమ్మ రూతమ్మకు పునుగుల బండి ఉంది. కెజియా కూడబలుక్కుని చదివే పిల్ల. బడిలో పైకి చదవమంటే, తోటివాళ్లు నవ్వుతారని పుస్తకం వెనక మొహం దాచుకునేది. ఇంట్లో నవ్వేవాళ్లు లేరు. మొదటి రోజు వేలు పెట్టుకుని అర పేజీ నడిచింది. నాలుగో రోజు, ఎలుగుబంటి గొడుగులవాడితో బేరమాడుతుంటే, తనే నవ్వింది. నన్ను చదివి ఒకరు నవ్వడం అదే మొదలు.

ఐదో రోజు సాయంత్రం బండి దగ్గర కాగితాలు అయిపోయాయి. రూతమ్మ నా చివరి నాలుగు పేజీలూ చింపి పునుగులు పొట్లం కట్టింది. నాకు పెద్దగా నొప్పి తెలియలేదు. కెజియా మాత్రం అన్నం ముట్టలేదు. తనకిక పుస్తకం రాదు. మిగిలిన రెండు రోజులూ, ఇదే ఆఖరిదన్నట్టు, నన్ను మళ్లీ మళ్లీ చదివింది. రెండోసారి వేలు పెట్టుకోలేదు. ఆ సంగతి తనకు తెలియదు.

చెప్పిన రోజున మాస్టారు వచ్చి, బండి పక్కన బల్ల మీద కూర్చుని, నన్ను వెనకనుంచి తెరిచారు. వేలు తడుపుకోబోతే మాస్కు అడ్డొచ్చింది. ప్రశ్నలు లేవు.

“నేనే చింపానండీ,” అంది రూతమ్మ. “బొమ్మలు లేని కాయితాలే చింపా. బొమ్మలున్నయ్యి ముట్టుకోలా. పిల్లనేం అనబాకండి.”

మాస్టారు నన్ను అటూ ఇటూ తిప్పారు. అడగడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకని ఈసారి కెజియాయే అడిగింది.

“సార్, ఎలుగుబంటి గొడుగుని చెట్టు కింద మర్చిపోయిందా, కావాలనే వదిలేసిందా?”

ఇరవయ్యారేళ్లుగా పిల్లల్ని ప్రశ్నలు అడుగుతున్న మనిషి. మాస్కు సర్దుకున్నారు.

“నేను చదవలేదమ్మా,” అన్నారు.

కెజియా నన్ను ఆయన చేతుల్లోనే తిరగేసి మొదటి పేజీ తీసిపెట్టింది. రూతమ్మ ఇచ్చిన పునుగులు చల్లారిపోయాయి. సంతలో బేరం దగ్గరికి వచ్చేసరికి మాస్టారి భుజాలు కదిలాయి. కెజియా ఆగలేక వంగి చూసింది.

“ఎక్కడిదాకా వచ్చారు సార్? ఇప్పుడు చూడండి, అదీ...”

“చెప్పమాక,” అన్నారు మాస్టారు, నా మీదనుంచి కళ్లు తీయకుండానే పుస్తకాల సంచి ఆ పిల్ల వైపు జరుపుతూ. “ఈలోగా నువ్వొకటి తీసుకో.”