చేంతాడు లాగిన దొర

మా గేదె ఎవరి చేలోనో పడిందని బందెలదొడ్డిలో పెట్టారు. విడిపించుకుందామని వెళ్లి, గేదెతోపాటు ఒక కుక్కని కూడా తోలుకొచ్చాను. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది, వాన చుక్క లేని ఆషాఢం.

"చీపురుపల్లి టేసన్లో ఎవరో రైల్వే దొర ఒగ్గీసి పోనాడు. ముసిల్దే గానీ ఒక్క సణం నిలబడదు. నువ్వైనా తీసుకుపో అప్పా" అన్నాడు దొడ్డి కాపలా జోగయ్య.

ఏదో చలిదేశపు జాతి కలిసిందట. మెడ నిండా బొచ్చు, వీపు మీదికి చుట్టుకున్న తోక, ఒక కన్ను నీలం. మూతి నెరిసిపోయింది. నన్ను చూడగానే లేచి రెండు కాళ్లూ నా భుజాల మీద వేసింది. అంత ఆశగా నాకు ఎవరెదురొచ్చారు గనక! కాదనలేకపోయాను. పేరు దొర అనే పెట్టాను.

ఇంటిదగ్గర మా ఆయన సోములు మంచంలో ఉన్నాడు. తాటిచెట్టు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

"ఒసే గున్నా! ఆకుమడి ఎండిపోతన్నాది, నీకు కుక్క కావలసొచ్చినాదేటే?"

ఆ మాట అబద్ధం కాదు. ఆకుమడిలో వరినారు బతికితేనే ఉభాలు, అదే నాట్లు. ఉభాలైతేనే ఏడాది కూడు. నూతిలోంచి నీళ్లు తోడేది నేనొక్కదాన్నే. అరచేతులు పుళ్లు పడ్డాయి, మడి సగం పసుపెక్కింది. పక్క పొలం సూరయ్య బావ తన మడిని ఎప్పుడో వదిలేశాడు.

"దేవుడియ్యని నీళ్లు నువ్వు తోడీగలవేటే?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

దొర సంగతి చెప్పేదేముంది? మంచంకోడుకి కడితే మంచాన్ని వీధిలోకి ఈడ్చుకుపోయింది, సోములు దాని మీద ఉండగానే! ఊరంతా పడీపడీ నవ్వింది.

"రేపు దీన్ని దొడ్డిలో ఒగ్గీసి రా. నేదంటే నానే ఎల్లిపోతాను" అని సోములు అరిచాడు.

తెల్లారి నూతి దగ్గర అది కోళ్ల వెంట పడబోతే, కోపంతో చేతిలో ఉన్న చేంతాడు కొసనే దాని మెడకి కట్టేశాను. రెండో కొసకి చేద ఉంది, అది నూతిలో మునిగి ఉందన్న ధ్యాసే లేదు నాకు. ఇంతలో మడిలో కొంగ వాలింది. దొర దూకింది. గిలక కిర్రుమంది. నిండు చేద పైకొచ్చి నా ముందు ఆడుతోంది!

"ఓలమ్మ ఓలమ్మా!" అన్నాను. నీళ్లు కాలవలో పోసి చేద వదిలేసరికి, దొర వెనక్కి పరిగెత్తుకొచ్చి తోకాడిస్తూ నిలబడింది, ఇంకోటి ఏదీ అన్నట్టు.

మెడకి ఉరి పడకుండా గోనెసంచి మడిచి ఛాతీకి పట్టీ కుట్టాను. చల్లటి పూట దొర లాగేది, నేను పోసేదాన్ని. ఎండెక్కితే దాన్ని నీడన పడుకోబెట్టి నేనే తోడుకునేదాన్ని. ముసలి ప్రాణం కదా.

"రేపు పిల్లిని నాగలికి కడతారేటో!" అన్నాడు సూరయ్య.

"నవ్వు బావా. నువ్వు నవ్వితే నీ ఆకు పచ్చబడతాదేటి?"

ఇరవై రోజులకి వాన పడింది. ఆ చుట్టుపట్ల పచ్చగా ఉన్న మడి మాదొక్కటే! సూరయ్య తువ్వాలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"గున్నా, నాలుగు కట్టలు ఆకు మిగుల్తాదా?"

"నన్నడుగుతావేటి? తోడినోడ్ని అడుగు."

పాపం, వంగి "దొరా..." అన్నాడో లేదో, అది బురదకాళ్లతో అతని ఉతికిన పంచె మీదికెక్కింది. కడుపుబ్బ నవ్వి, ఆరు కట్టల నారు ఇచ్చాను.

ఉభాల నాడు మొదటి ఆకు నాటే ముందు ఎడ్లకి బొట్టు పెడతాం. కట్టు విప్పిన ఆ బలంలేని చేత్తోనే సోములు కుంకుమ తీశాడు. అద్దెకి తెచ్చిన ఎడ్లకి పెట్టి, దొర ముందు చతికిలబడ్డాడు.

"దొడ్డిలో ఒగ్గీమన్న నోరిదే" అని తన నోటి మీద తానే కొట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. నావీ ఆగలేదు.

బొట్టు పెట్టేదాకైనా నిలబడిందా అది! కుంకుమ ముక్కు మీదికి జారింది, దొర అప్పటికే మా చేలో పరుగు పెడుతోంది.