నలభై గంటలు

వేన్ కెటోలా రెండో పూత సగం దాకా వచ్చాడు. ఎత్తు అందడానికి కాళ్ళకు అల్యూమినియంతో చేసిన కొయ్యకాళ్ళు కట్టుకుని, పైకప్పుకు జానెడు దూరంలో తల పెట్టుకుని, ఎడమచేత్తో పుట్టీ పళ్ళెం, కుడిచేత్తో వెడల్పాటి బ్లేడు పట్టుకుని పనిచేస్తున్నాడు. బ్లేడు మీదికి పుట్టీ తీసుకుంటాడు, కప్పుకు బిగించిన బోర్డుల అతుకు మీద ఒక్క లాగు లాగుతాడు, వెనక్కి ఒక అడుగు వేస్తాడు. మళ్ళీ తీసుకుంటాడు. వయసులో ఉన్నప్పటినుంచీ ఇదే పని. అతుకు ఎక్కడుందో కనబడకుండా పోతేనే ఈ పని బాగా చేసినట్టు. అంటే బాగా చేసిన పనిని ఎవరూ చూడరన్నమాట. ఆ గనుల ఊళ్ళో సగం మంది అతను పూసిన కప్పుల కిందే పడుకుని నిద్రపోతారు. పూసింది ఎవరని అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు.

అరవై దాటిన మనిషి. పొడుగ్గా, ఎముకలు బయటపడి ఉంటాడు. కనుబొమల మీద తెల్లటి దుమ్ము ఆదివారం చర్చిలో కూడా పూర్తిగా వదలదు. పైకి చూసి చూసి మెడ అట్లాగే నిలిచిపోయి, అన్నం బల్ల దగ్గర కూడా గడ్డం కాస్త ఎత్తుకునే ఉంటాడు. కొత్తవాళ్ళు పొగరనుకుంటారు. పొగరూ లేదు పాడూ లేదు, మెడ పట్టేసింది, అంతే.

మధ్యలో ఆగాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా బరువుగా లాగుతోంది. కొయ్యకాళ్ళ మీదే ఉండి, గోడకు వీపు ఆనించి, ఊపిరి అందేదాకా కళ్ళు మూసుకున్నాడు. గుండెకు పోయే నాళం ఒకటి మూసుకుపోతోందని, ఆపరేషన్‌కి ఆలస్యం చెయ్యొద్దని డులూత్ పట్నంలో డాక్టరమ్మ చలికాలంలోనే చెప్పింది. "పనులు మొదలవనీ, చూద్దాం" అన్నాడు ఇంటికొచ్చి. పనులు మొదలవలేదు. దేశం మీదికి ఆ మాయదారి రోగం వచ్చి పడింది. పనివాణ్ణి గడప తొక్కనిచ్చేవాడు లేకుండా పోయాడు. ఒప్పుకున్న ఇళ్ళవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఫోన్లోనే వద్దనేశారు.

ఇప్పుడు పనిచేస్తున్నది ఇనా ముసలమ్మ ఇంట్లో. మంచు కరిగి, నీళ్ళు కారి వంటిల్లు తప్ప అన్ని గదుల పైకప్పులూ ఊడి పడ్డాయి. ఆవిడ దగ్గర డబ్బు లేదు, వేన్ అడగనూ లేదు. రోగం భయానికి ఆవిడ వంటింట్లో తలుపేసుకుని కూర్చుంటుంది. ఏం చెప్పాలన్నా తలుపవతల నుంచే.

"నాయనా, మెట్ల మీద పాస్టీ పెట్టాను. తిని రా."

"ఇంకొక్క అతుకుంది, ఇనా అమ్మా."

"అతుకు ఎక్కడికీ పోదు. వేడి పోతుంది."

వేన్ దిగాడు. మాంసమూ దుంపలూ కూరిన ఆ పాస్టీని వెనక మెట్ల మీద కూర్చుని తింటుంటే గోర్డీ ట్రక్కు వచ్చి ఆగింది. గోర్డీ ఇళ్ళకు కరెంటు పని చేస్తాడు, వేన్ లాగే సొంతంగా. గోడల్లోపల అతను తీగలు లాగడం, పైన వేన్ పూత పూయడం, అట్లా ఇద్దరికీ ఏళ్ళ తరబడి జత. మనిషి పొట్టి, నోరు పెద్దది. ట్రక్కు తలుపుకు ఆనుకుని అంత దూరంలోనే నిలబడ్డాడు.

"ఏరా, ఇంకా ఊరికే ఊడిగం చేస్తున్నావా? నాకు నిరుద్యోగ భృతి పడింది తెలుసా? పడవ ఇంజను బాగు చేయించా."

"మంచిదే."

"మంచిదేమిట్రా మొద్దూ. నువ్వూ పెట్టుకున్నావుగా?"

"మార్లిస్ పెట్టించింది. రాలేదు."

"అందరికీ వచ్చి నీకెందుకు రాదు? మనలాంటి సొంత పనివాళ్ళకి కూడా ఇస్తామనడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. గట్టిగా అడగవేం?"

వేన్ నోట్లోది నమిలి మింగాడు. "ఆ భృతి నిధిలో నువ్వూ నేనూ ఎప్పుడైనా చిల్లిగవ్వ వేశామా గోర్డీ? అది జీతగాళ్ళది. వాళ్ళ కోసం వాళ్ళ యజమానులు కట్టింది. మనకి యజమాని లేడని ఇన్నాళ్ళూ మీసం తిప్పాం కదా."

"పన్నులు కట్టలేదూ? జీతగాడికి ఆకలేస్తే ఆకలి, మనకేస్తే పొగరా? నీ మీసం నువ్వు నంజుకు తిను. మా ఇంట్లో తినే నోళ్ళున్నాయి."

"నిన్ను తప్పు పట్టడం లేదు."

"పట్టు. పడితే నాలుగు తిట్టి పోతా. నువ్విట్లా సాధువులా మెట్ల మీద కూర్చుంటే నా ఇంజను నాకే దొంగసొత్తులా కనబడుతోంది" అని విసుక్కుని గోర్డీ ట్రక్కెక్కాడు.

వేన్ మళ్ళీ కొయ్యకాళ్ళు కట్టుకున్నాడు.

అదే సమయానికి ఇంట్లో మార్లిస్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ బడి వంటశాలలో పనిచేసేది. బడి మూతబడ్డ మరుసటి వారానికే జీతగత్తె గనక భృతి వచ్చేసింది. దానితో ఇల్లు గడుస్తోంది. మొగుడిది మాత్రం కదలదు. భృతి ఆఫీసుకు ఫోన్ చేస్తే పాట, మళ్ళీ పాట. తన తరఫున ఆవిడ మాట్లాడొచ్చని వేన్ ముందే ఒప్పుకున్నాడు కాబట్టి, చివరికి లైన్లోకి వచ్చిన అమ్మాయి వివరం చెప్పింది.

"ఇందులో మా పొరపాటు ఏమీ లేదండీ. వారం వారం మేము అడిగే ప్రశ్నలకి ఆయన నలభై గంటలు పనిచేశానని జవాబిస్తున్నారు. నిండా పని ఉన్నవాళ్ళకి ఇవ్వడం కుదరదు."

మార్లిస్ ఫోను పెట్టేసింది. ఒళ్ళు మండిపోయింది. ఆదివారం ఆదివారం ఈయన ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళి నొక్కి వస్తున్నది ఇదన్నమాట. ఇంటికి రానీ, ఇవాళ తాడో పేడో తేల్చేస్తాననుకుంది. కానీ శనివారం. శనివారం సాయంత్రం సౌనా.

పెరట్లో చెక్కలతో కట్టిన ఆ ఆవిరిస్నానం గది వేన్ తండ్రి నాటిది. ఫిన్లాండు నుంచి గనుల పనికి వచ్చిన వాళ్ళ పెద్దల కట్టుబాటు ఒకటుంది. అందులో పోట్లాడకూడదు, గొంతు లేపకూడదు, చర్చిలో ఎట్లా ఉంటామో అట్లా ఉండాలి. స్వీడన్ వాళ్ళ పిల్లయిన మార్లిస్ ఈ ఇంటికొచ్చిన కొత్తలో నవ్వుకునేది. ఇప్పుడు ఆ కట్టుబాటునే నమ్ముకుంది. బయటైతే వేన్ లేచి షెడ్డులోకి వెళ్ళిపోతాడు. అందులోంచి ఎక్కడికి పోతాడు?

గుండె జబ్బు తెలిసినప్పటి నుంచీ పొయ్యిలో కట్టెలు తగ్గించి పెడుతోందావిడ. ఇదేం సౌనా, గోరువెచ్చటి గది అని అతను సణుగుతాడు. కింది మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ పొయ్యి పైన కాలుతున్న రాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోసి, ఆవిరి సర్దుకున్నాక మెల్లిగా అంది.

"వారం వారం నలభై గంటలని నొక్కావట."

"చేసిందే చెప్పాను."

"కూలి వచ్చే పని గురించి అడుగుతారయ్యా వాళ్ళు. నీకు తెలుసు."

"తెలుసు." వేన్ అరచేతుల్లో ఎండిన పుట్టీని గోటితో గీకాడు. "రోజంతా ఇనా ఇంట్లో చేతులు పైకెత్తి నిలబడి, చెయ్యలేదని ఎట్లా నొక్కను? పని లేదని ఒక్కనాడైనా ఎవరితోనైనా అన్నానా?"

"డబ్బు రాని పని లెక్కలోకి రాదంటున్నారు."

"అట్లాగైతే ఈ ఇంట్లో నువ్వు చేసిందంతా ఏమిటి?"

మార్లిస్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, గొంతూ లేపలేదు. "రొట్టెకీ పాలకీ అడగడం లేదు నేను. బీమా పోను ఆస్పత్రివాళ్ళు ముందు కట్టమన్న వాటా అది. నీ గుండెకి. నువ్వు నిజం చెప్పి చచ్చిపోతే, ఆ నిజాన్ని పెట్టుకుని నేనేం చేసుకోను?"

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. అతను పుట్టీ గీకడం ఆపాడు. పంతం వదిలినవాడిలా లేడు, బాగా అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

"సరే. రేపు సున్నా అని నొక్కు" అన్నాడు. "పక్కన కూర్చుంటాను. నా వేలితో మాత్రం నొక్కించకు."

"సోమవారం డులూత్‌కి ఫోన్ చేస్తాను."

"చెయ్యి."

ఆవిడకు గుండెల మీది బరువు దిగింది. మొగుడి వీపు మీద చెంబుడు గోరువెచ్చటి నీళ్ళు పోసి, కాఫీ పెట్టడానికి ముందు లోపలికి వెళ్ళింది. వేన్ ఎప్పటిలా ఒళ్ళు చల్లార్చుకోవడానికి బయట బల్ల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పెరట్లో ఇంకా మోకాలిలోతు మంచు. ఇంకా చీకటి పడలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే అతని భుజాల మీంచి ఆవిరి తెల్లగా లేస్తోంది. ఆవిడ కప్పులు కడిగింది, యాలకుల రొట్టె కోసింది, మళ్ళీ చూసింది. అట్లాగే కూర్చుని ఉన్నాడు. భుజాల మీద ఆవిరి లేదు.

ఆదివారం ఉదయం పాస్టరు వచ్చి వెళ్ళాడు. గోర్డీ వచ్చి, వాకిట్లో మంచు మొత్తం పారతో ఎత్తిపోసి వెళ్ళాడు. ఇల్లు ఖాళీ అయ్యాక మార్లిస్ గదిలోకి వెళ్ళి, మంచం మీద వేన్ పడుకునే వైపు కూర్చుని, ఫోను తీసి భృతి ఆఫీసు నంబరు కలిపింది.

ఈ వారం మీరు పనిచేశారా అని అడిగింది యంత్రం. చేస్తే, ఎన్ని గంటలు?

సున్నా మీద వేలు పెట్టింది. అతను ఒప్పుకున్నాడు. వారమంతా బతికే ఉన్నాడు. శవపేటికకైనా పనికొచ్చే డబ్బు, అడ్డుచెప్పేవాడెవడూ లేడు. తను చేస్తున్నది పిచ్చిపని అని ఆవిడకే తెలుసు. వేలు పక్కకు జరిపి నాలుగు నొక్కింది, ఆ తర్వాత సున్నా నొక్కింది. మీ జవాబులు నమోదయ్యాయి అని చెప్పి యంత్రం ఊరుకుంది.

ఫోను పరుపు మీద పెట్టి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పెరట్లో బల్ల మీద తువ్వాలు ఎవరూ తియ్యలేదు. రాత్రి చలికి గడ్డకట్టి, మనిషి కూర్చున్న చోట పల్లం అట్లాగే నిలిచి ఉంది.